కౌంటు జింజెన్‌డార్ఫుగారు – తగవులాడిన సంఘము

పఠనభాగము: మత్తయి 18 : 15–20



పెద్ద పట్టణములలో ఇద్దరు విశ్వాసులకు మాట పట్టింపు వచ్చినయెడల ఒకరు ఈ గుడి విడిచి మరియొక గుడికి పోవుదురు. పల్లెటూరి సంఘమునకు ఆ వీలు లేదు. ఒకటే గుడి, ఒకటే బావి, ఒకటే పొలము గట్టు. ఆదివారమున ప్రభువు బల్లయొద్ద ప్రక్కప్రక్కన మోకరించినవారు సోమవారమున నీటి వంతు దగ్గర ఎదురుపడక తప్పదు. నేనెరిగిన ఒక చిన్న సంఘములో రెండు కుటుంబములవారు ఏండ్ల తరబడి గుడిలో ఒకరు ఈ గోడవైపునను, ఒకరు ఆ గోడవైపునను చాపలు వేసికొని కూర్చుండుచు వచ్చిరి. తగవు మొదట దేనినిబట్టి పుట్టెనని అడిగితిని. ఇరువురికిని సరిగా జ్ఞాపకము లేదు.

అటువంటి సంగతులు ఎరిగినవారికి ఈ నెల వ్రాయుచున్న జీవిత చరిత్ర పరాయి దేశపు కథవలె కనబడదు. ఇది జర్మనీ దేశపు తూర్పు భాగమున, సాక్సనీ రాజ్యములో, సుమారు 300 సంవత్సరముల క్రిందట జరిగెను. సంఘమంతయు కలిసి 300 మంది. వారు వడ్రంగులు, నేతపనివారు, కత్తులు చేయువారు, సేద్యము చేసికొనువారు. ఆ నేలకు దొర కౌంటు నికోలస్ లూడ్విగ్ జింజెన్‌డార్ఫుగారు. కౌంటు అనునది వంశపారంపర్యముగా వచ్చు బిరుదు. మన తాతల నాటి జమీందారు అనుకొనిన సరిపోవును.

ఆయన 1700 మే 26న డ్రెస్డెన్ నగరములో జన్మించెను. బిడ్డ పుట్టిన ఆరు వారములకే తండ్రి చనిపోయెను. తల్లి తిరిగి వివాహము చేసికొని ప్రష్యా దేశమునకు వెళ్లగా, నాలుగేండ్ల బాలుడు అమ్మమ్మగారి యింట పెరిగెను. ఆ అమ్మమ్మ సామాన్యురాలు కాదు. హెబ్రీ గ్రీకు భాషలలో బైబిలు చదువగలిగిన స్త్రీ. ఆ దినములలో స్పేనర్ అను బోధకుడు, ఆయన తరువాత హాలె పట్టణములో ఫ్రాంకె అను బోధకుడు, పేరుకు మాత్రము క్రైస్తవులైనవారిని ఇండ్లలో చిన్న గుంపులుగా కూర్చి బైబిలు చదివించుచు హృదయశుద్ధిని గూర్చి బోధించుచుండిరి. ఇద్దరును ఆమెకు స్నేహితులే. స్పేనరుగారు ఈ బాలునికి జ్ఞానపిత కూడ.

పది యేండ్ల వయస్సున బాలుని హాలెలో ఫ్రాంకెగారి పాఠశాలకు పంపిరి. ఇక్కడ మనకొక చుట్టరికమున్నది. 1706లో తరంగంబాడికి వచ్చిన జీగెన్‌బాల్గు, ప్లూట్షౌ అను మిషనెరీలు హాలెతో సంబంధము గలవారే. తరువాత కాలమున మన తెలుగులోనికి బైబిలును తర్జుమా చేసిన బెంజిమిన్ షుల్జుగారును ఆ చోటునుండి వచ్చినవారే. తరంగంబాడి సంగతులు ఫ్రాంకెగారి భోజనపు బల్లయొద్ద చెప్పుకొనుచుండగా ఈ పిల్లవాడు వినుచుండెను. తన ఈడు బాలురతో కలిసి ఒక చిన్న సహవాసము కట్టి, దానికి ఆవగింజ పేరు పెట్టెను.

ఇంటివారికి మాత్రము అబ్బాయి బోధకుడు కాకూడదు. దొరల బిడ్డ రాజుగారి కొలువులో ఉండవలెను. అందుచేత 1716లో విట్టెన్‌బర్గుకు ధర్మశాస్త్రము చదువుటకు, అనగా ప్లీడరు చదువునకు, పంపిరి. అప్పుడు విట్టెన్‌బర్గు పండితులకును హాలె పండితులకును పొసగదు. ఒకరి పుస్తకములను ఒకరు ఖండించుచుండిరి. ఇంకను మీసకట్టు సరిగా రాని ఈ విద్యార్థి ఇరువురిని ఒకచోట కూర్చుండబెట్టవలెనని ప్రయత్నించెను. ఇంటివారు వద్దనిరి, ఆ పని అంతటితో ఆగిపోయెను. సమాధానపరచవలెనను కోరిక ఆయనకు చిన్నతనమునుండియు ఉండెను. ఆ పని ఎట్లు చేయవలెనో తెలియుటకు ఇంకను పది యేండ్లు పట్టెను.

1721లో డ్రెస్డెనులో రాజోద్యోగమందు ప్రవేశించెను. 1722లో తన అమ్మమ్మగారియొద్ద బెర్తెల్స్‌డార్ఫు అను గ్రామమును కొని, రోటె అను మంచి బోధకుని ఆ గ్రామపు గుడికి కాపరిగా పిలిచెను. ఆ సంవత్సరమే ఎర్డ్‌ముత్ దొరసానిగారిని పెండ్లాడెను. ఆమె ఓర్పు గలది, లెక్కలు తెలిసినది. దొరగారు దానధర్మములకు చేయి చాచినప్పుడెల్లను ఇల్లు గడుపవలసినది ఆమెయే. ఆమె లేకపోయినయెడల ఈ కథ మధ్యలోనే ఆగియుండునని నా తలంపు.

ఇక ఆ సంఘము ఎట్లు పుట్టెనో చెప్పవలెను. సాక్సనీకి దక్షిణమున బొహేమియా, మొరావియా అను దేశములుండెను. 1415లో జాన్ హస్ అను బోధకుడు వాక్యము నిమిత్తము దహింపబడిన తరువాత ఆయన బోధననుసరించినవారు 1457లో సహోదరుల సంఘమను పేరుతో ఒక సంఘముగా ఏర్పడిరి. 1620లో యుద్ధములో ఓడిన పిమ్మట ఆ సంఘము బహిరంగముగా నిలువలేకపోయెను. వంద సంవత్సరములు వారి సంతానము రహస్యముగా పాటలు పాడుకొనుచు, దాచిన పుస్తకములు చదువుకొనుచు బ్రదికిరి. క్రిస్టియన్ డేవిడ్ అను వడ్రంగి వారి మధ్య తిరుగుచు, కొండదారులలో రాత్రివేళ వారిని సరిహద్దు దాటించుచుండెను. దొరగారు ఆశ్రయమిచ్చెదనని ఆయనతో ఒప్పుకొనెను.

మొదట కత్తులు చేయు నైస్సర్ అన్నదమ్ములు భార్యాబిడ్డలతో ఇండ్లు వాకిండ్లు విడిచి వచ్చిరి. 1722 జూన్ 17న క్రిస్టియన్ డేవిడ్ గొడ్డలితో మొదటి చెట్టు నరికెను. అడవి, బురద నేల, దగ్గరలో ఒక కొండ. ఆ చోటికి హెర్న్‌హూట్ అని పేరు పెట్టిరి. ప్రభువు కావలి అని దాని భావము. ఆ డిసెంబరులో దొరగారు క్రొత్త పెండ్లికూతురితో బండిలో వచ్చుచు, చెట్ల మధ్య దీపము చూచి, బండి దిగి లోపలికి పోయి, వారితో కూడ మోకరించి ప్రార్థించెను. అప్పటికి అంతా బాగుగానే ఉండెను.

అయిదు సంవత్సరములు గడచునప్పటికి ఆ ఒక్క ఇల్లు గ్రామమాయెను. మొరావియావారు గుంపులుగా వచ్చిరి. 1724 మే నెలలో వచ్చిన అయిదుగురు యౌవనస్థులు ఆ పాత సహోదరుల సంఘపు వంశీకులు. తమ పితరుల సంఘక్రమమును తిరిగి నిలువబెట్టవలెనని వారి పట్టుదల. వారుగాక లూథరు సంఘమువారు వచ్చిరి, కాల్విను బోధననుసరించువారు వచ్చిరి, సైలీషియానుండి ష్వెంక్‌ఫెల్డు అనుచరులు దొరగారి నేలమీదికి వచ్చిరి. ఇందరికిని గుడి ఒకటే. అది మైలు దూరముననున్న బెర్తెల్స్‌డార్ఫు లూథరు గుడి. కాపరి రోటెగారు ఒక్కరే.

విశ్వాసము కొరకు హింసపడి వచ్చినవారు ఒకచోట చేరితే పరలోకమువలె ఉండునని మనము తలంచుదుము. అట్లుండలేదు. నా మట్టుకు నాకు ఆశ్చర్యము లేదు. మనస్సాక్షి నిమిత్తము ఇల్లు, భూమి, తల్లిదండ్రులను విడిచిన మనుష్యుడు చిన్న సంగతిలో కూడ తగ్గుటకు ఇష్టపడడు. ఇంత విడిచి వచ్చినది ఇక్కడ తలవంచుటకా అని అతడు తలంచును. ప్రభు భోజనము ఎట్లు ఇయ్యవలెను, ఆరాధన ఎట్లు జరుపవలెను, తప్పు చేసినవానిని ఎవరు శిక్షింపవలెను అని పట్టుదలలు పెరిగెను. రోటెగారికిని హెర్న్‌హూటువారికిని మధ్య మాటలు చెడెను.

అంతలో క్రూగర్ అనువాడు వచ్చెను. ప్లీడరు చదువు చదివినవాడు, భక్తిపరుడు, మాటలలో నేర్పరి. అతడు మెల్లగా ఇంటింటను బోధ మొదలుపెట్టెను. లూథరు సంఘము బబులోను అనియు, దానిలోనుండి వెలుపలికి రావలెననియు, దొరగారు ప్రకటన గ్రంథములోని మృగమనియు, రోటెగారు అబద్ధ ప్రవక్త అనియు చెప్పెను. అనేకులు నమ్మి గుడికి వెళ్లుట మానిరి; ప్రభువు బల్లను విడిచిరి. కడపట క్రూగరుకు మతి చలించి ఊరు విడిచిపోయెను గాని, అతడు చల్లిన విత్తనము పోలేదు. మొదటి చెట్టు నరికిన క్రిస్టియన్ డేవిడ్ సయితము గ్రామమునకు వెలుపల చిన్న ఇల్లు కట్టుకొని, తనకు వేరుగా ఒక బావి త్రవ్వుకొనెను.

వేరు బావి అనగానేమో పల్లెలవారికి వేరుగా చెప్పనక్కర లేదు. ఒకరితో మాటలాడక ఉండుట ఒక సంగతి. వారు త్రాగు నీటినే త్రాగనని చెప్పుట వేరొక సంగతి.

దొరగారు అప్పటికి డ్రెస్డెనులో ఉద్యోగము చేయుచుండెను. భూమి ఆయనది, గ్రామపు న్యాయాధికారము ఆయనది. ఆయన తలచినయెడల ఒక్క చీటి వ్రాసి తనను మృగమనినవారిని ఎల్లలు దాటించియుండవచ్చును. ఆ కాలపు దొరలలో అట్లు చేయనివారు అరుదు. ఆయన ఆ చీటి వ్రాయలేదు. 1727 వసంతములో రాజుగారియొద్ద సెలవు పుచ్చుకొని, కొలువు విడిచి, హెర్న్‌హూటునకు వచ్చి వారి మధ్య కాపురము పెట్టెను. రోటెగారు బెర్తెల్స్‌డార్ఫును చూచుకొనునట్లును, తాను రోటెగారి క్రింద ఉపదేశకునిగా హెర్న్‌హూటును చూచుకొనునట్లును ఏర్పాటు చేసికొనిరి. చూడుడి, జమీందారుగారు తాను పిలిచి నియమించిన పల్లె పాదిరిగారికి సహాయకుడాయెను.

ఆ పిమ్మట ఆయన ఇంటింటికి నడచెను. ఒక్కొక్కరితో వేరువేరుగా కూర్చుండి, వారి మనోవ్యథను విని, లేఖనములు చూపి మాటలాడెను. మత్తయి 18వ అధ్యాయములో ప్రభువు పెట్టిన వరుస ఇదే గదా: మొదట ఒంటరిగా, ఆ పిమ్మట సాక్షులతో, కడపటనే సంఘము ఎదుట. మన సంఘములలో తరచుగా కడపటి మెట్టునుండి మొదలుపెట్టుదుము. మొదట కూటములో కేకలు వేసి, ఆ పిమ్మట ఇంటికి పోయి నేనేమంటినని అడుగుదుము.

క్రిస్టియన్ డేవిడ్ విషయములో దొరగారి తలంపు వినదగినది. ఆ వడ్రంగి తనను మృగమని పిలిచినను, అతని హృదయము నిష్కపటమైనదని ఆయన ఎరిగియుండెను. నిజాయితీ గల మనుష్యుడు త్రోవ తప్పినప్పుడు అతనిని త్రోసివేయక, అతనికి బాధ్యత అప్పగింపవలెను, అనుభవమే అతనికి నేర్పును అని ఆయన అభిప్రాయము. సంఘములో గొడవ చేయువానికి పెద్దరికమా అని మీలో కొందరు అడుగుదురు. నేనును అడిగియుందును. గాని ఆయన కపటికిని పట్టుదల గలవానికిని భేదము చూచెను. ఆ భేదము దూరముగా డ్రెస్డెనులో కూర్చుండినవానికి కనబడదు. ఇంటికి పోయి కూర్చుండినవానికే కనబడును.

1727 మే 12న దొరగారు గ్రామస్థులనందరిని కూర్చెను. మూడు గంటలసేపు మాటలాడి, చీలిక ఎంత పాపమో వివరించెను. ఆ పిమ్మట రెండు పత్రములు చదివెను. ఒకటి భూస్వామిగా తాను పెట్టిన విధులు, నిషేధములు. ఆ నేలమీద నివసించువారందరు వాటికి లోబడవలెను. రెండవది సహోదర ఒడంబడిక. అది ఎవరికి వారు ఇష్టపూర్వకముగా ఒప్పుకొనవలసినది. హెర్న్‌హూటు నివాసులు ఎన్నటికిని ఊడిగము చేయు దాసులు కారని ఆ పత్రములలో వ్రాయబడెను. దొరయే తన హక్కును తాను కొట్టివేసికొనెను.

ఏ సంఘమునకు చెందిన దేవుని బిడ్డలనైనను ప్రేమింపవలెననియు, వారిని తీర్పు తీర్చకూడదనియు, వారితో వివాదము పెట్టుకొనకూడదనియు ఉండెను. ఎవనికైనను తన సహోదరునిమీద మనస్సులో ఏదైన ఉన్నయెడల దానిని దాచుకొనక వెంటనే అతనికే స్నేహముగా చెప్పవలెను; అతడు పెద్దవాడైనను చిన్నవాడైనను సరే. నాకన్నిటికంటె నచ్చిన నియమము దాని వెంటనే ఉన్నది. ప్రోగుచేసి దాచిపెట్టిన ఫిర్యాదులను అసలు విననే కూడదు. మూడేండ్ల క్రిందటి మాటను, ఆరేండ్ల క్రిందటి పెండ్లిలో జరిగిన అవమానమును మూటగట్టి తెచ్చువానికి ఆ సంఘములో చెవి దొరకదు. మరియు పనివాడు చెప్పిన దినమునకు పని పూర్తి చేయలేనియెడల ముందుగానే తెలియజేయవలెను. ఇది బైబిలు సంగతి కాదే, గుడి పత్రములో ఎందుకని అనుకొనకుడి. సంఘపు తగవులు సగము ఇట్టివాటినుండియే పుట్టును. నాగలి బాగుచేసి ఇచ్చెదనని ఇయ్యని వడ్రంగి చేసిన ప్రార్థన ఆ రైతు చెవికి ఎక్కునా?

ఒక్కొక్కరు వచ్చి దొరగారి చేతిలో చేయివేసి ఒప్పుకొనిరి. తరువాత 12 మంది పెద్దలను ఎన్నుకొనిరి. వారిలో నలుగురు ముఖ్య పెద్దలు. ఆ నలుగురిలో ఒకడు క్రిస్టియన్ డేవిడ్. వేరు బావి త్రవ్వుకొన్నవాడు అందరి తగవులు తీర్చు చోట కూర్చుండెను.

చేతులు కలిపినంతమాత్రమున హృదయములు కలియవు. ఇది దొరగారు ఎరుగుదురు. ఆ వేసవియంతయు వారు కూటములలో యోహాను పత్రికలు చదివిరి. ఇద్దరు ముగ్గురు లేక అంతకు కొంచెము ఎక్కువమంది, పురుషులు వేరుగాను స్త్రీలు వేరుగాను, చిన్న గుంపులై దాపరికము లేక మాటలాడుకొనుచు ప్రార్థించుకొనుచుండిరి. జూలై నెలలో దొరగారు ప్రయాణములో ఉండగా జిట్టావు పట్టణపు గ్రంథాలయములో ఒక లాటిను పుస్తకము కంటబడెను. అది పాత సహోదరుల సంఘపు కడపటి బిషప్పు కొమేనియసుగారు ప్రచురించిన సంఘక్రమము. తామిప్పుడు హెర్న్‌హూటులో చేసికొనిన ఒడంబడికకు అది ఎంతో దగ్గరగా ఉండెను. ఆయన దానిలో కొన్ని భాగములను జర్మను భాషలోనికి త్రిప్పి తెచ్చి చదివి వినిపించెను. మొరావియావారు ఆశ్చర్యపడిరి. తమ పితరుల క్రమమును ఈ దొర తమయొద్దనుండి తీసివేయుచున్నాడని భయపడినవారికి, ఆయన చేతనే అది తిరిగి అందెను.

ఆగస్టు నెలలో ప్రార్థనలు రాత్రులు కూడ సాగెను. 10వ తేదీ ఆదివారమున రోటెగారే హెర్న్‌హూటు కూటములో మనస్సు కరిగి నేలమీద సాగిలపడెను. అర్ధరాత్రి దాటువరకు ఎవరును లేచి పోలేదు. రోటెగారు అందరిని తన గుడిలో ప్రభు భోజనమునకు పిలిచెను.

1727 ఆగస్టు 13, బుధవారము. హెర్న్‌హూటునుండి బెర్తెల్స్‌డార్ఫు వరకు ఆ మైలు దూరమును వారు నడచిపోవుచుండిరి. అనేక దినములు మాటలాడుకొనని వారు దారిలో ఇద్దరిద్దరుగా కలిసికొని మాటలాడుకొనిరి. గుడిలో ఇద్దరు బాలికలకు నిర్ధారణ ఆచారము జరిగెను. అందరు మోకాళ్లూని పాట పాడుచుండగా ఏడ్పువలన పాట వినబడలేదు. హెన్నర్స్‌డార్ఫు గ్రామపు కాపరిగారు వారికి ప్రభు భోజనమిచ్చెను. బల్లను విడిచినవారు బల్లకు వచ్చిరి. ఆ దినమున క్రిస్టియన్ డేవిడ్ మాత్రము అక్కడ లేడు. పనిమీద దూరదేశము వెళ్లియుండెను. గుడినుండి వచ్చినవారు విడిపోలేక ఆరేడు ఇండ్లలో గుంపులుగా కూర్చుండియుండగా, వంట కొరకు లేచిపోనక్కర లేకుండ దొరగారు తన వంట ఇంటినుండి వారికి భోజనము పంపించెను. ఆ సంఘమువారు తరువాత ఆచరించుచు వచ్చిన ప్రేమవిందు అట్లు మొదలాయెను.

ప్రసంగీకులు ఈ కథ చెప్పునప్పుడు ఆగస్టు 13ను మాత్రమే చెప్పుదురు. ఆత్మ దిగివచ్చెను, సమాధానము కలిగెను అందురు. నిజమే. గాని మే 12నుండి ఆగస్టు 13 వరకు 93 దినములు. ఆ 93 దినములు తలుపులు తట్టుట, వినుట, వ్రాయుట, చేయి కలుపుట, తిరిగి పడుట, తిరిగి లేచుట. దీనిని కూడ ఆత్మ కార్యముగానే నేనెంచుచున్నాను.

ఆగస్టు 27న 24 మంది పురుషులును 24 మంది స్త్రీలును రేయింబగళ్లు గంట గంటకు వంతులు వేసికొని ప్రార్థించుట మొదలుపెట్టిరి. అది నూరు సంవత్సరములకు పైగా ఆగలేదు. 1732 ఆగస్టులో లియోనార్డు డోబర్, డేవిడ్ నిచ్‌మన్ అను ఇద్దరు సహోదరులు వెస్టిండీసులోని సెయింటు తామస్ దీవిలోనున్న నీగ్రో బానిసలకు సువార్త చెప్పుటకు బయలుదేరిరి. దొరగారు బ్రదికియున్నంతలో ఆ చిన్న సంఘమునుండియు దాని శాఖలనుండియు 200 మందికి పైగా మిషనెరీలు భూమి నలుదిక్కులకు వెళ్లిరి.

తగవులు మరల రాకపోలేదు. 1731 జనవరిలో దొరగారే ఒక ప్రతిపాదన తెచ్చెను. ఇరుగుపొరుగువారి అనుమానములు పోవునట్లు ఈ వేరు క్రమమును విడిచి పూర్తిగా లూథరు సంఘములో కలిసిపోదమని. సహోదరులు ఒప్పుకొనలేదు. చీట్లు వేసిరి. దొరగారి మూడేండ్ల కుమారుడు క్రిస్టియన్ రెనాటస్ చీటి తీసెను. దానిమీద వ్రాసిన వాక్యము 2 థెస్సలొనీకయులకు 2 : 15, అనగా ఉన్న క్రమములోనే నిలిచియుండుడని. చీట్లు వేయుట మంచిదా అని నన్ను అడుగకుడి. దానిమీద నాకును సందేహములున్నవి. గాని భూమికి దొరయైనవాడు తన ప్రతిపాదన ఓడిపోగా ఒప్పుకొని ఊరకుండెను. అది చిన్న సంగతి కాదు.

ఇక చెప్పుటకు ఇష్టములేని సంగతులును కొన్ని చెప్పవలెను. లేనియెడల ఈయనను మనుష్యునిగా గాక బొమ్మగా చేసినవాడనగుదును. ఇతరుల మధ్య సమాధానము చేయగలిగిన ఈ దొర, తానే ఒక పక్షమైనప్పుడు చాలసార్లు చేయలేకపోయెను.

తనను పెంచిన హాలెవారితో ఆయనకు పొసగలేదు. 1727లో ఫ్రాంకెగారు చనిపోయిన తరువాత ఎడము మరింత పెరిగెను. 1733లో హెర్న్‌హూటువారితో స్నేహము చేసినందున స్పాంగెన్‌బర్గు అను ఉపాధ్యాయుని హాలెనుండి వెళ్లగొట్టిరి. రోటెగారు, ఆ 1727 ఆగస్టులో నేలమీద సాగిలపడిన కాపరి, పది యేండ్ల తరువాత మనస్సు విరిగి బెర్తెల్స్‌డార్ఫు విడిచి వేరొక చోటికి వెళ్లిపోయెను. దొర స్వభావము గల మనుష్యునితో పనిచేయుట సులభము కాదు. తొందర స్వభావము, మాట తీవ్రత ఆయనలో ఉండెను. తాను వంగినప్పుడు నేలవరకు వంగును. వంగనప్పుడు ఎవరును వంచలేరు.

1736లో సాక్సనీ ప్రభుత్వము ఆయనను దేశమునుండి వెళ్లగొట్టెను. పదునొకండు సంవత్సరములు పరదేశములలో తిరిగెను. 1737లో ఆ పాత సహోదరుల సంఘపు బిషప్పుగా అభిషేకింపబడెను. 1739లో సెయింటు తామస్ దీవికి పోయి, చెరసాలలో వేయబడియున్న తన మిషనెరీలను విడిపించెను. 1741లో అమెరికాలోని పెన్సిల్వేనియాకు వెళ్లి, అక్కడ చెదరియున్న జర్మను సంఘములన్నిటిని ఒక సహవాసముగా చేయవలెనని సభ వెంట సభ కూర్చెను. ఒకరి తరువాత ఒకరు లేచిపోయిరి. అచ్చట ఆయన పరదేశి; కొద్ది దినములుండి పోవువాడు. ఇంటింటికి తిరిగి 93 దినములు కూర్చుండుటకు వీలులేదు. ఆ పని అందుచేతనే చెడెనని నేననుకొందును.

1738లో హెర్న్‌హూటునకు వచ్చి చూచి ఎంతో మెచ్చుకొనిపోయిన జాన్ వెస్లీగారు 1740లో లండనులో సహోదరులతో విడిపోయెను. మరు సంవత్సరము ఆయనయు కౌంటుగారును లండనులో కలిసికొని లాటిను భాషలో వాదించుకొనిరి. వాదము ముగిసెను గాని ఐక్యత కలుగలేదు. ఇద్దరు దైవజనులే. వారిలో ఎవరు తప్పు అని తీర్పు చెప్పుటకు నేనెవడను?

1740 తరువాత హెర్న్‌హాగ్ అను వారి మరియొక నివాసములో భక్తి పేరట పిల్లచేష్టలు, అతి మాటలు, ఎడతెగని పండుగలు పెరిగెను. దొరగారి బోధలోనే ఆ అతిశయమునకు కొంత ఎడమిచ్చిన మాటలుండెను. దానికి నడిపించినవారిలో ఆయన కుమారుడు, ఆ చీటి తీసిన రెనాటసే ఒకడు. 1749లో దొరగారు సంఘములకు గట్టిగా ఉత్తరము వ్రాసి, కుమారుని లండనుకు పిలిపించుకొనెను. తనవలన కూడ తప్పు జరిగెనని ఒప్పుకొనెను. కుమారుడు 1752లో చనిపోయెను. 1756లో ఎర్డ్‌ముత్ దొరసానిగారు నిద్రించిరి. ఆయన తరచు దూరదేశములలో నుండగా అప్పులు, లెక్కలు మోసినది ఆమెయే. ఆమెను తాను ఎంత ఒంటరిగా విడిచితినో ఆమె పోయిన తరువాత గాని ఆయనకు తెలియలేదు. 1757లో ఆ సంఘములోనే చాల కాలము సేవచేసిన అన్నా నిచ్‌మన్‌ను వివాహము చేసికొనెను.

1747లోనే దేశమునకు తిరిగి వచ్చుటకు సెలవు దొరకియుండెను. కడపటి దినములలో హెర్న్‌హూటులోనే ఉండి, 1760 మే 9న ప్రభువునందు నిద్రించెను. నానా దేశములలో సేవచేసిన 32 మంది సేవకులు వంతులు మార్చుకొనుచు శవపేటికను మోసిరి. హెర్న్‌హూటు ప్రక్కనున్న కొండమీది సమాధుల తోటలో, వడ్రంగుల నేతగాండ్ర సమాధుల మధ్య ఆయనను ఉంచిరి. క్రిస్టియన్ డేవిడ్ అప్పటికి తొమ్మిదేండ్ల ముందే చనిపోయెను.

ఆ సంవత్సరమే జూలై నెలలో ఆ సహోదరులలో 14 మంది ఓడ దిగి మన తీరమున తరంగంబాడిలో అడుగు పెట్టిరి. తమ కౌంటుగారు పోయిన వార్త వారికి అప్పటికి చేరియుండుటకు వీలులేదు. అక్కడ హాలె మిషనెరీలు వారిని సంతోషముతో చేర్చుకొనలేదు. జర్మనీలో పుట్టిన ఎడము సముద్రము దాటి వచ్చెను. సహోదరులు పట్టణమునకు వెలుపల నేల సంపాదించి, ఇండ్లు కట్టి, తోట వేసికొని, తమ చేతిపనులు చేసికొనుచు నలువది సంవత్సరములకు పైగా అక్కడ ఉండిరి. ఆ చోటిని సహోదరుల తోట అని పిలిచిరి.